తీర పర్యాటక ప్రాంతంలో వాణిజ్య స్థలం: బీచ్ ముందు షాపా, వెనక రోడ్డా, గోదామా?

కొత్త విమానాశ్రయం వస్తోందనో, నాలుగు వరుసల రోడ్డు పడుతోందనో తెలియగానే అందరి చూపూ సముద్రం కనిపించే షాపుల మీదికే పోతుంది. కానీ రిసార్టు ప్రాంతంలో వాణిజ్య స్థలానికి గిరాకీ రెండు రకాల జనం నుంచి వస్తుంది. ఒకరు వచ్చిపోయే టూరిస్టులు. మరొకరు ఏడాది పొడుగునా అక్కడే ఉండేవాళ్లు, అంటే హోటళ్లలో పనిచేసేవాళ్లు, రిటైరై స్థిరపడినవాళ్లు, వీళ్లందరికీ సేవలందించే చిన్న వ్యాపారులు. వీళ్లలో ఎవరి జేబు మీద ఆధారపడి అద్దె తీసుకోబోతున్నారో తేల్చుకోకుండా స్థలం చూడటం మొదలుపెడితే బేరం ఎప్పుడూ అమ్మేవాడి వైపే మొగ్గుతుంది. మా సలహా ముందే చెప్పేస్తాం. దగ్గరుండి వ్యాపారం చూసుకోలేని వాళ్లకు బీచ్ ముందు షాపు కంటే రెండో వరుస రోడ్డు మీది షాపో, చిన్న గోదామో మేలు.

మెక్సికోలోని కాంకూన్‌ను చూడండి. 1970ల్లో ప్రభుత్వమే ప్రణాళిక వేసి కట్టిన పర్యాటక కేంద్రమది. సముద్రానికీ ఉప్పునీటి మడుగుకీ నడుమ సన్నటి ఇసుక పట్టీ మీద హోటళ్ల వరుస లేచింది, అందులో పనిచేసేవాళ్ల కోసం ప్రధాన భూభాగం మీద వేరే ఊరు లేచింది. 2020 జనగణన నాటికి ఆ ఊరి జనాభా 9 లక్షలకు దగ్గరపడింది. అంతమందికి కావలసిన మందుల షాపులు, క్లినిక్కులు, సూపర్‌మార్కెట్లు, మెకానిక్ షెడ్లు ఊళ్లోనే నడుస్తాయి. రెండు మార్కెట్లకూ విమానాశ్రయం ఒకటే, అద్దెల నడక మాత్రం వేరు. 2005 అక్టోబరులో విల్మా తుఫాను హోటళ్ల ముందున్న ఇసుకను ఊడ్చుకుపోయింది. తర్వాత బయటి నుంచి ఇసుక తెచ్చి బీచ్‌ను మళ్లీ పోయాల్సి వచ్చింది. ఇసుకే లేని బీచ్ ముందు షాపుకు అద్దె ఎంతని అడిగేవాడుండడు.

పెరుగుతున్నది ఊరా, సీజనా?

దీనికి బ్రోచర్లు చూడనక్కర్లేదు. నెలవారీగా నమోదయ్యే నాలుగు లెక్కలు సేకరించండి: నీటి సరఫరా, కరెంటు వాడకం, చెత్త టన్నులు, విమానాశ్రయంలో దిగిన ప్రయాణికులు. కనీసం అయిదేళ్లవి కావాలి. ప్రతి ఏడాదికీ అత్యధిక నెల, అత్యల్ప నెల పక్కపక్కన రాసుకోండి. అత్యధిక నెల ఒక్కటే పెరుగుతూ అత్యల్ప నెల కదలకపోతే సీజన్ పెద్దదవుతోంది, అంతే. అత్యల్ప నెల కూడా ఏటా పైకి జరుగుతుంటే ఊరు పెరుగుతోంది. వాణిజ్య స్థలం కొనేవాడికి కావలసింది రెండోది. ఈ రెండు నెలల మధ్య నిష్పత్తి 2 లోపు ఉంటే ఏడాది పొడుగునా నడిచే మార్కెట్ అనుకోవచ్చు. 4 దాటితే సీజన్ మీదే బతికే ఊరని అర్థం, అక్కడ పన్నెండు నెలలకూ ఒకే అద్దె రాసుకున్న కిరాయిదారు రెండో ఏడు ఖాళీ చేసే అవకాశం ఎక్కువ. ఈ హద్దులు చట్టం కాదు, మేము పెట్టుకున్న గీతలు. బడిలో చేరే పిల్లల సంఖ్య కూడా అడగండి. టూరిస్టులు పిల్లల్ని అక్కడి బళ్లో చేర్చరు కదా.

సీజన్‌ను సాగదీయడం కుదరదని కాదు. స్పెయిన్‌లోని బెనిడార్మ్ 1956లోనే పట్టణ ప్రణాళిక వేసుకుని, ఎత్తయిన భవనాలతో తక్కువ మేరలో ఎక్కువమందిని ఉంచే ఊరుగా ఎదిగింది. 1985లో మొదలైన ప్రభుత్వ పథకం చలికాలంలో పింఛనుదారులను రాయితీ ధరకు తీర ప్రాంత హోటళ్లకు పంపుతోంది. వేసవి అయ్యాక కూడా అక్కడి హోటళ్లు చాలావరకు తెరిచి ఉండటానికి అదొక కారణం. మీరు చూస్తున్న ఊళ్లో సీజన్ కాని నెలలను నింపేదేదైనా ఉందా? సమావేశ మందిరం, విశ్వవిద్యాలయం, పెద్దాసుపత్రి, ఓడరేవు, నౌకాదళ స్థావరం లాంటిది ఒక్కటి ఉన్నా లెక్క మారిపోతుంది.

పెరుగుదలకు పైకప్పు ఎక్కడుందో కూడా చూడాలి. సాధారణంగా అది మురుగునీటి దగ్గరే ఉంటుంది. ఫిలిప్పీన్స్‌లో బొరాకే దీవిని 2018 ఏప్రిల్ 26 నుంచి ఆరు నెలల పాటు టూరిస్టులకు మూసేశారు. మురుగు నేరుగా సముద్రంలో కలవడం, ఒడ్డుకు వదలాల్సిన దూరం వదలకుండా కట్టడాలు లేవడం అందుకు ప్రధాన కారణాలు. తెరిచాక సందర్శకుల సంఖ్యకు పరిమితి పెట్టారు. కాబట్టి శుద్ధి కేంద్రం సామర్థ్యం ఎంత, రద్దీ నెలలో అందులోకి వచ్చేది ఎంత అని అడిగి తెలుసుకోండి. 90 శాతం నిండిపోయి ఉంటే కొత్త కనెక్షన్ దొరకడం కష్టం. అప్పటికే కనెక్షన్ ఉన్న పాత భవనానికి మాత్రం అక్కడ విలువ పెరుగుతుంది.

తర్వాతిది మంచినీళ్లు. తీరంలో భూగర్భ మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన 1 మీటరు మంచినీరుంటే కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరు ఉంటుందని భూజల శాస్త్రంలో ఒక మోటు లెక్క. అది తిరగేసి చదవండి: బోర్లతో తోడి మట్టాన్ని ఒక్క మీటరు దించితే కింద నుంచి ఉప్పునీరు 40 మీటర్ల దాకా పైకి వచ్చే పరిస్థితి ఏర్పడుతుంది. బోరునే నమ్ముకున్న హోటల్ స్థలాలు కొన్నేళ్లలో ట్యాంకర్ల పాలవడం ఇందువల్లే. మూడోది పనివాళ్ల ఇళ్లు. వంటవాడికి అరగంట దూరంలో అద్దె ఇల్లు దొరకని ఊళ్లో కొత్త రెస్టారెంట్‌కు స్థలం ఉన్నా తెరవడానికి మనిషి ఉండడు.

ఇక రాబోయే సరఫరా. ఏడాదికి సగటున ఎంత స్థలం కొత్తగా అద్దెకు పోతోందో కనుక్కోండి. అది 4,000 చదరపు మీటర్లు, ఇప్పుడు ఖాళీగా ఉన్నది 3,000, కడుతున్నది 12,000 అనుకుంటే, 15,000ను 4,000తో భాగించాలి: 3.75 ఏళ్లకు సరిపడా సరుకు బజార్లో ఉంది. రెండేళ్లు దాటిన సరఫరా కనిపిస్తే అద్దె పెరుగుతుందన్న మాట పక్కన పెట్టి, ఇప్పుడున్న అద్దెతోనే లెక్క వేయండి.

బీచ్ ముందు షాపు

ఇక్కడ షాపు ముఖం, అంటే దారి వైపు వెడల్పే ప్రాణం. 15 మీటర్లకు మించిన లోతు చాలా వ్యాపారాలకు స్టోర్‌రూమ్‌గా తప్ప పనికిరాదు, కానీ అద్దె మాత్రం మొత్తానికీ అడుగుతారు. నడిచే దారిలో ఏ పక్కన ఉందో చూడండి. పొద్దున బీచ్‌కు వెళ్లేవాళ్లు ఆగరు, సాయంత్రం తిరిగొచ్చేవాళ్లు కొంటారు, తింటారు. పార్కింగ్ నుంచి 400 మీటర్లు, అంటే అయిదు నిమిషాల నడక దాటితే జనం పల్చబడతారు. సరుకు దింపే వాహనం ఏ వేళల్లో రావచ్చన్నది కూడా లీజు రాసే ముందే తేలాలి. రద్దీ నెలల్లో బీచ్ రోడ్డు మీదికి వాహనాలను రానివ్వని ఊళ్లు చాలా ఉన్నాయి.

అసలు చిక్కు అద్దె లెక్కలో ఉంది. షాపు ఏడాది అమ్మకం 100 అనుకుందాం. నాలుగు రద్దీ నెలల్లో 60, మిగతా ఎనిమిది నెలల్లో 40 వస్తుంది. అంటే రద్దీ నెలకు 15, మామూలు నెలకు 5. ఏడాది అద్దె 10 అయితే నెలకు 0.83. రద్దీ నెలలో అది అమ్మకంలో 5.5 శాతం, మామూలు నెలలో దాదాపు 17 శాతం. చాలా చిల్లర వ్యాపారాలు 17 శాతం అద్దె ఎక్కువ కాలం మోయలేవు. సీజన్‌లో మిగిల్చింది పక్కన పెట్టుకునే కిరాయిదారు నిలబడతాడు, కొత్తగా వచ్చినవాడు మొదటి ఖాళీ నెలల్లోనే చేతులెత్తేస్తాడు.

అందుకే ఇలాంటి చోట తక్కువ మూల అద్దె, దానిపైన అమ్మకాల్లో వాటా పద్ధతి మంచిది. మూల అద్దె 6, వాటా 8 శాతం అనుకుంటే, 6ను 8 శాతంతో భాగించగా వచ్చిన 75 అమ్మకం దాటాకే వాటా మొదలవుతుంది. అమ్మకం 100 అయితే 25 మీద 8 శాతం 2, మొత్తం అద్దె 8. అమ్మకం 120 అయితే 9.6. అమ్మకం 70కి పడితే 6తో సరి. ఇక్కడొక మెలిక ఉంది, లీజులో చాలామంది చదవకుండా వదిలేసే వాక్యం అదే. ఆ 75 హద్దును ఏడాదికి లెక్కిస్తారా, నెలకా? నెలవారీగా అయితే హద్దు 6.25. రద్దీ నెలలో 15 నుంచి 6.25 తీసేస్తే 8.75, దాని మీద 8 శాతం 0.7, నాలుగు నెలలకు 2.8. మామూలు నెలల్లో వాటా లేదు గానీ మూల అద్దె ఉంది కాబట్టి మొత్తం 8.8. అదే అమ్మకానికి ఏడాది లెక్కలో 8, నెల లెక్కలో 8.8 వస్తోంది. కిరాయిదారైతే ఏడాది లెక్క అడగండి, యజమాని అయితే నెల లెక్క. వాటా లీజు ఇచ్చే యజమాని బిల్లింగ్ మిషన్ నివేదికలు చూసే హక్కు రాతలో పెట్టుకోవాలి, లేకపోతే వాటా కాగితానికే పరిమితం.

రెస్టారెంట్‌కు ఇచ్చేటట్టయితే పొగగొట్టం పైకప్పు దాకా పోయే దారి, నూనె జిడ్డును ఆపే ట్రాప్, మూడు ఫేజుల కరెంటు ముందే ఉన్నాయో లేదో చూడండి. ట్రాప్‌లో జిడ్డూ మడ్డీ కలిపి నాలుగో వంతు లోతుకు చేరగానే తీయించాలి. రద్దీ నెలల్లో అది వారాల్లోనే నిండుతుంది. ఆ పని కిరాయిదారుదని రాయకపోతే పొంగిన మురుగు యజమాని ఖాతాలో పడుతుంది. ఆరుబయట వేసిన కుర్చీలను నమ్ముకుని అద్దె లెక్క కట్టకండి. ఆ అనుమతి ఏటా తీసుకోవాల్సి ఉంటుంది, పైగా వానాకాలంలో అది లేనట్టే.

రెండో వరుస రోడ్డు

సముద్రానికి ఒకటి రెండు కిలోమీటర్ల లోపల, ఊరివాళ్లు రోజూ తిరిగే దారి. ఇక్కడ కిరాయిదార్లు మందుల షాపు, పళ్ల డాక్టరు, ఫిజియోథెరపీ, సూపర్‌మార్కెట్, బ్యాంకు శాఖ, సెలూన్. అద్దె బీచ్ ముందున్న దానిలో సగం దగ్గర ఉండొచ్చు, పన్నెండు నెలలూ వస్తుంది. క్లినిక్ లాంటి వాళ్లు లోపలి పనులకు సొంత డబ్బు గట్టిగా పెడతారు కాబట్టి అయిదు నుంచి పదేళ్ల లీజు అడుగుతారు, తేలిగ్గా కదలరు. రిటైరైన వాళ్లు స్థిరపడే తీరమైతే వైద్య సేవల స్థలానికే గిరాకీ ముందు పెరుగుతుంది. అయితే క్లినిక్‌కు ప్రతి 100 చదరపు మీటర్లకు 4 నుంచి 5 కార్లు నిలిపే చోటు కావాలి. చాలా పాత భవనాలు అక్కడే ఓడిపోతాయి. ఎదురు పక్క నుంచి మలుపు తిరిగే వీలు లేకుండా రోడ్డు మధ్యలో డివైడర్ కట్టే ప్రతిపాదన ఉందేమో రోడ్ల శాఖలో కనుక్కోండి. డివైడర్ పడితే సగం జనం ఎదుటి షాపుకు పోతారు.

చిన్న గోదాములు

దీని గురించి ఎవరూ గొప్పగా మాట్లాడరు. చూడ్డానికి రేకుల షెడ్డు, పేరు చెప్పుకోవడానికి సముద్రం కూడా కనిపించదు. అయినా రిసార్టు ప్రాంతంలో ఎక్కువసార్లు కొరత ఉండేది వీటికే. ప్రతి వంద హోటల్ గదుల వెనకా ఏసీ మెకానిక్, ఈత కొలను శుభ్రం చేసేవాడు, లాండ్రీ, పెళ్లిళ్లకు కుర్చీలు పందిళ్లు అద్దెకిచ్చేవాడు, చేపలు కూరగాయలు సరఫరా చేసేవాడు ఉంటారు. ఖరీదైన స్థలాలన్నీ హోటళ్లకు పోవడంతో వీళ్లకు చోటు దొరకదు. ఇంకో మేలుంది. హోటళ్లు మరమ్మతులు, రంగులు, ఏసీల మార్పిడి అన్నీ సీజన్ లేని నెలల్లోనే చేయించుకుంటాయి. అంటే ఈ కిరాయిదార్లలో సగం మందికి పని ఉండేది మిగతా ఊరికి పని లేనప్పుడే.

100 నుంచి 200 చదరపు మీటర్ల గదులుగా విడగొట్టి, ఒక్కోదానికి 3.5 మీటర్లకు తగ్గని షట్టర్, విడి మీటరు, నేల మీద నీళ్లు పోయే వాలు పెడితే సులువుగా పోతాయి. ఒక్క పెద్ద షెడ్డును ఒక్కడికే ఇస్తే, అతను వెళ్లిన రోజు ఆదాయం సున్నా. పది గదుల్లో ఒకటి ఖాళీ అయితే పోయేది పదో వంతు. లాండ్రీకి ఇచ్చేటప్పుడు నీటి సరఫరా, మురుగు లెక్క వేరుగా చూడాలి. హోటళ్లు ఒక్కో మంచానికి మూడు జతల దుప్పట్లు పెట్టుకుంటాయి: ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకుడులో, ఒకటి అరలో. గదులు రోజూ ఖాళీ అయ్యే రద్దీ నెలలో ఆ ఉతుకుడు జత రోజూ లాండ్రీకి వస్తుంది. మామూలు గృహ వినియోగ పైపు అందుకు చాలదు.

గోదాములో తప్పు జరిగేది పల్లం దగ్గర. చవకగా వస్తుందని మడుగు ఒడ్డున కట్టిన షెడ్లలోకి తుఫాను ఉప్పెన వెనక వైపు నుంచి వస్తుంది. నేల మట్టం పాత వరద గుర్తు కంటే ఎంత ఎత్తులో ఉందో సర్వేయర్‌తో కొలిపించండి, కంటి అంచనా వద్దు.

హోటల్ గది, రోజువారీ అద్దె ఫ్లాటు

కంపెనీ నడిపే భవనంలో ఒకటి రెండు గదులు కొనమని వచ్చే ప్రతిపాదనలు ఇవి. మాకు వీటి మీద పెద్ద నమ్మకం లేదు. గది ధరను నిండిన శాతంతో గుణిస్తేనే ఆదాయం తెలుస్తుంది. రాత్రికి 100, నిండింది 55 శాతం అయితే చేతికొచ్చేది 55. దానిలోంచి బుకింగ్ సైట్ల కమీషన్, నిర్వహణ వాటా, శుభ్రం, కరెంటు, సామాను మార్చడానికి ఆదాయంలో 4 శాతం నిధి పోతాయి. సగం మిగిలితే గొప్పే. మొదటి మూడేళ్లు హామీ ఆదాయం ఇస్తామంటే, ఆ మొత్తాన్ని అమ్మకం ధరలో ముందే కలిపి ఉంటారు. పక్కనే హామీ లేకుండా అమ్ముడైన గది ధరతో పోల్చితే తెలిసిపోతుంది. నిబంధనల ముప్పు వేరే ఉంది. బార్సిలోనా నగరపాలక సంస్థ 10 వేలకు పైగా టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు తర్వాత పొడిగించబోమని 2024 జూన్‌లో ప్రకటించింది. లైసెన్సు మీద నిలబడ్డ ఆదాయాన్ని ఆస్తి విలువగా లెక్కకట్టకూడదు.

ఖాళీ జాగా

ఇక్కడ మొదటి ప్రశ్న ధర కాదు, సముద్రం నుంచి ఎంత వదలాలన్నది. భారత్‌లో 2019 సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) నోటిఫికేషన్ గ్రామీణ తీరంలో జనసాంద్రతను బట్టి పోటు సమయంలో నీళ్లు చేరే గీత నుంచి 50 లేదా 200 మీటర్ల మేర నిర్మాణాన్ని నిషేధిస్తుంది. స్పెయిన్‌లో 1988 తీర చట్టం సాధారణంగా 100 మీటర్లు, అప్పటికే పట్టణమైన చోట 20 మీటర్ల రక్షణ మేర పెట్టింది. అమెరికాలోని నార్త్ కరొలైనాలో చిన్న భవనానికి ఏటా కోతకు గురయ్యే దూరాన్ని 30తో గుణించి వదలాలి. ఏ దేశమైనా ఈ కొలత స్థిరంగా ఉండదు, తీరం కోతపడితే గీత మీ జాగాలోకి నడిచొస్తుంది. ఆమోదం పొందిన తీర మ్యాపు మీద సర్వే నంబరు గుర్తింపజేసి, గీత వెనక మిగిలిన చదరపు మీటర్లకే ధర కట్టండి. ఆదాయం లేకుండా అయిదేళ్లు పన్ను, వడ్డీ మోయలేని వాళ్లు జాగా జోలికి పోకపోవడమే మంచిది.

లెక్కలో దాక్కున్న ఉప్పు

అమ్మేవాడు 10 శాతం రాబడి అంటాడు. ధర 1,000, అద్దె 100. ఖాళీకి 10, బీమా 10, పన్ను 8, మరమ్మతులు 8, నిర్వహణ 5, ముందు ముందు వచ్చే పెద్ద ఖర్చుల నిధి 4 తీస్తే మిగిలేది 55. నిజమైన రాబడి 5.5 శాతం. తుఫాను ఏడాది తర్వాత బీమా 10 నుంచి 20కి పెరిగితే మిగిలేది 45. అదే 5.5 శాతం రాబడి కోరే తర్వాతి కొనుగోలుదారు ఇచ్చే ధర 818. అద్దె ఒక్క పైసా తగ్గలేదు, ఆస్తి విలువ మాత్రం 18 శాతం పోయింది. అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందే మీ పేరున కొత్త బీమా కోట్ తెప్పించుకోండి, పాత యజమాని ప్రీమియం నమ్మకండి. పాలసీలో గాలి, వరద వేర్వేరుగా ఉంటాయి. తుఫాను నష్టానికి మీరు భరించాల్సిన భాగం బీమా విలువలో శాతంగా రాస్తారు. 1,000 మీద 5 శాతం అంటే 50, దాదాపు మీ ఏడాది మిగులంతా.

అప్పుతో కొంటే ఇంకా కఠినం. 600 అప్పు, 8 శాతం వడ్డీ, 20 ఏళ్లు అయితే ఏడాది వాయిదాలు 60 దాటతాయి. మిగులు 55తో అది తీరదు. వాయిదాకు 1.25 రెట్లు మిగులుండాలనే రుణదాత ఈ ఆస్తికి 440 లోపే ఇస్తాడు. మిగతాది సొంత డబ్బే.

భవనం విషయానికొస్తే, ఉప్పు గాలి కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుము కంటే కొన్ని రెట్లు చోటు తీసుకుంటుంది కాబట్టి పైపొర పగిలి ఊడుతుంది. కొత్తగా రంగు వేసిన బాల్కనీ అడుగు భాగాలను, స్తంభాల మొదళ్లను సుత్తితో తట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే అక్కడ డ్రిల్లు పొడి తీసి క్లోరైడు పరీక్ష చేయించాలి. పొడి వేర్వేరు లోతుల్లో తీయమనండి, పైపొరలో ఉప్పు ఉండటం మామూలే, ఇనుము దాకా చేరిందా అన్నదే ప్రశ్న. రెయిలింగులు, బోల్టులు 304 రకం స్టెయిన్‌లెస్ అయితే టీ మరకల్లాంటి తుప్పు వస్తుంది. 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉన్న 316 రకం మెరుగు, అదైనా మంచినీళ్లతో కడుగుతుండాలి. ఏసీ బయటి యూనిట్లకు పూత ఉన్న రెక్కలే కొనండి. కరెంటు ప్యానెల్ కింది అంతస్తులో ఉంటే, దాన్ని పైకి మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగవచ్చు.

ఎవరికి ఏది

సొంతంగా వ్యాపారం చేస్తూ, సీజన్ మిగులుతో ఆరు నెలలు నెట్టుకురాగలిగితే బీచ్ ముందు షాపు అద్దెకు తీసుకోండి, కొనకండి. రెండేళ్ల తర్వాత బయటపడే వీలుండే లీజు అడగండి. దూరంలో ఉండి అద్దె మాత్రమే కోరేవాళ్లకు రెండో వరుసలో క్లినిక్ లేదా సూపర్‌మార్కెట్ ఉన్న భవనం. చేతిలో డబ్బు తక్కువగా ఉండి, కిరాయిదార్లను పట్టుకోవడం, మార్చడం ఓపికగా చేసుకోగలవాళ్లకు గోదాములు. ఊరి అత్యల్ప నెల అయిదేళ్లుగా కదలనిచోట గోదాము తప్ప మిగతావన్నీ వదిలేయండి. ఆఫీసు స్థలం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. విశ్వవిద్యాలయమో పెద్దాసుపత్రో లేని తీరంలో 50 చదరపు మీటర్లకు మించిన ఆఫీసులు నెలల తరబడి ఖాళీగా ఉంటాయి.

సంతకం పెట్టే ముందు సీజన్ లేని నెలలో ఒక మంగళవారం సాయంత్రం ఏడింటికి ఆ వీధిలో నడవండి. తెరిచి ఉన్న షాపులు లెక్కపెట్టి, వాటిలో ఊరివాళ్లు కొనేవి ఎన్నో రాసుకోండి. లీజులో తుఫాను నిబంధన ఒకటి తప్పక ఉండాలి: భవనం వాడకానికి పనికిరాని రోజుల్లో అద్దె ఆగుతుందా, ఎన్ని రోజుల్లో బాగుచేయాలి (180 రోజులు సాధారణంగా రాస్తారు), ఆ గడువు దాటితే ఎవరు తప్పుకోవచ్చు. భవనం చెక్కుచెదరకపోయినా అధికారులు ప్రాంతాన్ని ఖాళీ చేయించి రోడ్డు మూసేసిన రోజులకు అద్దె సంగతేమిటో విడిగా రాయించండి. వ్యాపార నష్టం బీమాలో మొదటి 72 గంటలకు పరిహారం లేకపోవడం మామూలే. అందుకే ఆ మూడు రోజుల అద్దె ఎవరిదో లీజులోనే తేలాలి.